ఎంతిస్తుంది సార్?

బ్యాంకులో చేరిన నాటి నుంచీ నేను కౌంటరు అద్దం వెనకాలే కూర్చున్నాను. ఆ అద్దానికి అవతల నిలబడ్డవాళ్ళెవరూ ఏనాడూ నన్ను చూసి నవ్విన పాపాన పోలేదు. తప్పు వాళ్ళది కాదు. పాన్ కార్డు జిరాక్సు మీద ఇంకో సంతకం పెట్టమన్నవాణ్ణి చూసి ఎవరు మాత్రం నవ్వుతారు? ఇంట్లోనూ అంతే. నేను హాల్లోకి వస్తే మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తదు. మా ఆవిడ ఎత్తుతుంది గానీ, అది నా నెత్తి మీద ఫ్యాను అనవసరంగా తిరుగుతోందేమో చూడటానికి. లిఫ్టులో కలిసినప్పుడల్లా ఎదురు ఫ్లాటాయన "ఏ ఫ్లోరండీ?" అని మర్యాదగా అడుగుతాడు. ఇద్దరిదీ ఒకటే ఫ్లోరు.

అలాంటి నేను 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని వేసుకుని బందరు రోడ్డెక్కితే, బెంజి సర్కిల్ చేరేలోపు ఎందరో నవ్వుతారు. ఒకరిద్దరు దణ్ణం పెడతారు. బుల్లెట్ మీద వెళ్ళే కుర్రాడు నెమ్మదించి, పక్కకొచ్చి, బొటనవేలెత్తి చూపిస్తాడు. ఆటోలో స్కూలు పిల్లలు కిక్కిరిసి ఒకరి మీదుగా ఒకరు వంగి చెయ్యి ఊపుతారు. నేనూ ఊపుతాను, ఎన్నికల్లో గెలిచినవాడిలా.

ఇక దాచడం దేనికి, చెప్పేస్తాను. నేనా కారు నడిపేది పాత యంత్రాల మీద మమకారంతో కాదు. వారసత్వమనీ, చరిత్ర అనీ, ఇలాంటి ఇనుము ఇప్పుడు రాదనీ అసోసియేషన్ మీటింగులో నేను చెప్పినవన్నీ రెండో పార్కింగు స్థలం కోసం చెప్పినవి. నేను నడిపేది జనం చూస్తారని. ఈ సంగతి మా ఆవిడకి మొదట్నుంచీ తెలుసు. బయటికి వెళ్ళేటప్పుడు నేను తల దువ్వుకుంటే "స్కూటరా, కారా?" అని అడుగుతుంది. స్కూటరుకైతే నేను దువ్వుకోను.

కారు మా మామగారిది. ఇటలీ ఫియట్ కంపెనీవాళ్ళ 1100 కారును, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు ఇక్కడ తయారు చేసేవారు. 1964లో డిలైట్ అన్నారు, తరవాత ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని అన్నారు. వాళ్ళెన్ని పేర్లు మార్చినా మన జిల్లాల్లో దాన్ని ఫియట్ అనే అన్నారు. (పద్మిని అనే పేరు మీద మీకు ఈపాటికి తట్టిన జోకు మా ఇంట్లో నిషేధం. మా తోడల్లుడు వేసి, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోవలసి వచ్చింది.) ఆ రోజుల్లో డబ్బు కట్టి, పేరు రాయించుకుని, ఏళ్ళ తరబడి కూర్చోవాలి. మా ఆవిడ ఆరో తరగతిలో ఉండగా మామగారు బుక్ చేస్తే, ఇంటర్లో ఉండగా బండి గుడివాడ వచ్చిందట. ఈలోగా 1983 చివర్లో మారుతి వచ్చేసింది. ఊళ్ళో అందరూ మనసు మార్చుకున్నా ఆయన మార్చుకోలేదు. ఒకసారి మాటిచ్చాక అది పిల్లనిచ్చినా కారు బుక్ చేసినా ఒకటేనని ఆయన పద్ధతి. నన్ను భరించడంలో కూడా అదే పద్ధతి పాటించారు.

ఆయన పోయాక పంపకాల్లో పొలం పెద్ద బావమరిదికి, ఇల్లు చిన్న బావమరిదికి వెళ్ళాయి. "కారంటే బావగారికి ప్రాణం కదా" అన్నారు ఇద్దరూ ఒకేసారి, ముందే అనుకున్నట్టు. నేను ఉబ్బిపోయి తలూపాను. మా ఆవిడ ఆ తలూపడాన్ని ఇప్పటికీ పండక్కి ఒకసారి గుర్తు చేస్తుంది. కారు విజయవాడ తోలుకొచ్చిన రోజు మా అత్తగారు అసలు సంగతి చెప్పింది. "మీ మామగారు దానికి దుప్పటి కప్పి, తను రిక్షాలో బజారుకెళ్ళేవారు బాబూ."

రోడ్డు మీద మొదట వినిపించే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఎర్ర లైటు పడుతుంది, పక్కన అద్దం దిగుతుంది, ఒక ముఖం బయటికొస్తుంది. ఏ కాలం బండి, ఎక్కడ దొరికింది, ఇంకా ఎలా తిరుగుతోంది, ఇవన్నీ తరవాత. ముందు, "ఎంతిస్తుంది సార్?"

దీనికి నా దగ్గర ఖాయమైన జవాబు లేదు. అడిగినవాణ్ణి బట్టి ఉంటుంది. ఆటో డ్రైవరైతే అతని ముందు అబద్ధం నిలవదు కాబట్టి "పన్నెండు దాకా" అంటాను. కొత్త ఎస్‌యూవీ ఆసామి అడిగితే నాలో ఏదో పొంగి "పదహారు, హైవే మీద ఇంకా" అనేస్తాను. ఆయన తన డ్యాష్‌బోర్డు వంక దిగులుగా చూసుకుంటాడు. ఆ చూపు కోసం నేను ఇంకో లీటరు తగలేసుకోడానికైనా సిద్ధం. మా ఆవిడ బండిలో ఉంటే మాత్రం ఈ వ్యవహారం సాగదు. వెనక సీట్లోంచి గొంతు వినబడుతుంది. "తొమ్మిది."

ఆవిడ వెనక సీట్లో ఎందుకు కూర్చుంటుందో చెప్పాలి. ముందు ఎడమ సీట్లో ఒక స్ప్రింగు గుడ్డ చించుకుని పైకి లేచింది. కొత్త కవరు వేయిస్తే దాన్నీ చించింది. సరే, వెనక్కి మారింది. వెనక కుడి తలుపు ఏ వైపు నుంచీ రాదు. ఎడమది వస్తుంది గానీ బయటి నుంచి మాత్రమే. ఆటోనగర్‌లో మా మేస్త్రీ ఆ లాకు విప్పి, దీపం కింద తిప్పి చూసి, లోపలి చిన్న నాలుక అరిగిపోయిందన్నాడు. ఆటోనగర్ అంటే లారీకి బాడీ మొత్తం కట్టి రోడ్డు మీదికి తోసే చోటు. అక్కడ దొరకని నట్టు ఇంకెక్కడా దొరకదని మాకో నమ్మకం. అలాంటిచోట ఆయన తల అడ్డంగా ఊపి, "ముంబయి చోర్ బజార్లో వెతికించాలి సార్" అన్నాడు. చోర్ బజారు సామాను మా ఇంటికి రాకూడదని మా ఆవిడ పట్టు. కాబట్టి ఎక్కడాగినా నేను దిగి, బానెట్ చుట్టూ తిరిగి వెళ్ళి, వెనక తలుపు తీసి నిలబడాలి. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని నిదానంగా దిగుతుంది.

దీని పర్యవసానాలు రెండు. అపార్టుమెంటులో నేను ఆదర్శ భర్తనయ్యాను. బాల్కనీల్లోంచి ఆడవాళ్ళు చూస్తారు. "చూడండి, ఈ వయసులో కూడా ఆయన ఎలా డోరు తీస్తున్నారో" అని మొగుళ్ళని పొడుస్తారని, ఆ మొగుళ్ళలో ఒకాయన నన్ను సెల్లార్లో ఒంటరిగా పట్టుకుని చెప్పాడు. "మీకు పుణ్యముంటుంది సార్, ఆ తలుపు బాగు చేయించండి." రెండోది కల్యాణ మండపాల్లో. అక్కడ గేటు దగ్గర కుర్రాడు వెనక సీట్లో పట్టుచీరనీ, ముందు సీట్లో నన్నూ చూస్తాడు. "అన్నా, మేడమ్‌గార్ని దించేసి బండి వెనక్కి పెట్టు. డ్రైవర్లకి భోజనాలు అటు పక్క."

మా ఆవిడ దిద్దదు. ఒక పెళ్ళిలో అయితే దిగుతూ "భోంచేసి ఇక్కడే ఉండు" అంది కూడా.

ఆ పెళ్ళిలోనే, పోనీ గౌరవం నిలబెట్టుకుందామని తాళం చెవి వాలె పార్కింగు కుర్రాడి చేతిలో పెట్టాను. ఇరవై ఏళ్ళుంటాయి, మెడలో ఐడీ కార్డు, చెవిలో బ్లూటూత్. ఎక్కాడు. కాళ్ళ మధ్య వెతికాడు. పక్క సీటు కింద వెతికాడు. స్ప్రింగు తగిలి ఎగిరిపడ్డాడు. దిగొచ్చి, ఎవరూ వినకుండా నా చెవి దగ్గర చెప్పాడు. "సార్, గేరు రాడ్డు ఎవరో పీక్కుపోయారు."

స్టీరింగు పక్కనున్న కాడ చూపించాను. "అది వైపర్ది కాదా సార్?" అన్నాడు. హ్యాండు గేరంటే ఇదేననీ, మన వైపు లాగి పైకీ కిందకీ ఎలా తిప్పాలో చెప్పడం మొదలెట్టేసరికి మిగతా వాలె కుర్రాళ్ళూ చేరారు. బ్యాండువాళ్ళలో ఒకాయన క్లారినెట్ చంకన పెట్టుకుని వచ్చి, తను మద్రాసులో ఈ బండే తోలానని నా పాఠంలో తప్పులు దిద్దాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. నేను మాత్రం క్లచ్చి మీద ఉపన్యాసం ఆపలేదు. పెళ్ళికొడుకు వైపు పెద్దాయన ఎవరో వచ్చి బతిమాలితే ఆపాను. అప్పటికి తలంబ్రాలు అయిపోయాయట. బ్యాంకులో నా మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఆడిటర్లు తప్ప లేరు.

రోడ్డు మీద చేతి సైగల సంగతి ఇంకో గొడవ. ఈ బండికి ఇండికేటర్లున్నాయి, వెలుగుతాయి కూడా. కానీ విజయవాడ ఎండలో ఆ వెలుగు నాకూ దేవుడికీ తప్ప కనబడదు. అందుకని కుడికి తిరగాలంటే కిటికీలోంచి చెయ్యి చాపుతాను. డ్రైవింగ్ పుస్తకంలో ఇప్పటికీ ఉన్న సైగే. మా తరం లైసెన్సు పరీక్షలో ఇది చేసి చూపించాం. ఇప్పటివాళ్ళు దీన్ని చదువుకున్నట్టు లేరు. నేను చెయ్యి చాపగానే వెనక వచ్చేవాళ్ళు చెయ్యి ఊపుతారు. ఒక డెలివరీ కుర్రాడైతే బండి నా కిటికీకి ఆనించి ఆపి, "పిలిచారా అంకుల్?" అన్నాడు. లేదన్నాను. "అడ్రసు కావాలా?" అన్నాడు. అక్కర్లేదు నాయనా, కుడికి తిరగాలన్నాను. వాడు జాలిపడి, తన బండి రోడ్డుకి అడ్డంగా పెట్టి, ఎదురొచ్చే సిటీ బస్సుని చేత్తో ఆపి, నన్ను తిప్పించి పంపాడు. వెనకాల బస్సు డ్రైవరు ఏదో అన్నాడు. నా కారు గురించి ఎవరేమన్నా మెచ్చుకోలుగానే వినడం అలవాటై, అదీ అలాగే విన్నాను.

తిట్టేవాళ్ళు లేరని కాదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో మూలుగుతూ వెళ్తుంటే నా వెనక ఊరేగింపు తయారవుతుంది. దాటిపోయేవాళ్ళు కోపంగా తల తిప్పుతారు, బండి చూస్తారు, తిట్టు సగంలో ఆగి ముఖం మెత్తబడుతుంది. ఇదే మారుతిలో అంత నెమ్మదిగా వెళ్తే మా పూర్వీకులందర్నీ పేరుపేరునా తలుచుకునేవారు.

అంబాసిడర్‌కి ఈ సుఖం లేదు. మా మేనేజరు ఒకరు పాత తెల్ల అంబాసిడర్ కొని నాతో పోటీకొచ్చారు. అదీ చూడ ముచ్చటైన బండే. బెంగాల్ ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. కానీ అది ఎదురొస్తే మన జనం పలకరించరు, పక్కకి తప్పుకుంటారు. కలెక్టరో, ఎమ్మెల్యేనో, ఏసీబీ వాళ్ళో అని ఇన్నేళ్ళ భయం ఒంట్లో ఇంకిపోయింది. ఒక టిఫిన్ సెంటరు ముందు ఆయన కారాపితే, లోపలున్నతను రోడ్డు మీదికి జరిపిన బెంచీలన్నీ గబగబా వెనక్కి లాక్కున్నాడట. ఫియట్ అలా కాదు. అది డాక్టరుగారిది, ప్లీడరుగారిది, పొగాకు షావుకారుది. దాన్ని చూస్తే మనకి ఫీజు గుర్తొస్తుందేమో గానీ భయం వెయ్యదు.

అందుకే కాబోలు, అరవై దాటినవాళ్ళు కనబడితే నేను తప్పించుకోలేను. వాళ్ళు ఎంతిస్తుందని అడగరు. ముందు బానెట్ మీద చెయ్యి వేస్తారు. ఏలూరు రోడ్డులో ఒక పెట్రోలు బంకులో కుర్రాడు పెట్రోలు మూత ఎలా తీయాలో తెలియక బండి చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే, స్కూటీ మీదొచ్చిన ఒక పెద్దాయన వచ్చి, చొరవగా తీసిచ్చాడు. తరవాత నా వైపొచ్చి "ఒక్కసారి కూర్చోనా బాబూ?" అన్నాడు. దిగి చోటిచ్చాను. ఆయన సీట్లో వెనక్కి జరిగి, స్టీరింగు పట్టుకోకుండా, ముందు తలుపు మూలనున్న చిన్న మూడు మూలల అద్దాన్ని చిటికెన వేలితో తోశాడు. అది తిరిగి గాలి లోపలికి కొట్టింది. ఆ అద్దం ఆ కాలపు ఏసీ. ఎండాకాలంలో దాన్ని సరైన వాలులో పెడితే గాలి నేరుగా చొక్కా గుండీల్లోకి వస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని ఆ గాలిని ముఖం మీదికి తిప్పుకున్నాడు. చోక్ నాబ్ సగం లాగి, ఆ కిర్రుమనే చప్పుడు విని, మళ్ళీ తోసేశాడు. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమి, "ఇక్కడ మా నాన్న అగరొత్తుల స్టాండు బిగించారు" అన్నాడు. వాళ్ళ నాన్న ఫియట్, దాంట్లో తన పెళ్ళి, అన్నదమ్ములు విడిపోయినప్పుడు దాన్ని అమ్మిన ఏడుపు, కొన్నవాడు తెనాలివాడు కావడం, ఆ తరవాత తను ఎప్పుడు తెనాలి వెళ్ళినా వీధుల్లో నంబర్లు చూసుకుంటూ తిరగడం, అంతా చెప్పాడు. వెనక బండ్ల వరస రోడ్డు దాకా పెరిగింది. ఎవ్వరూ హారన్ కొట్టలేదు. దిగి, నా చెయ్యి పట్టుకుని, "జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. నేను చాలాసేపు పొంగిపోయి, ఇంటికెళ్ళి మా ఆవిడకి మొత్తం చెప్పాను.

"మీ పేరడిగాడా?" అంది.

లేదు. ఆలోచిస్తే ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. బండి నంబరు అడుగుతారు, టైర్లెక్కడ దొరుకుతాయో అడుగుతారు. సెల్ఫీ తీసుకునేవాళ్ళు "సార్, కాస్త పక్కకి" అంటారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర పెళ్ళికి ముందు ఫొటోలు దిగే జంట ఒకటి నన్నాపి, బండి పక్కన నిలబడతామంటే ఒప్పుకున్నాను. తెల్ల పాంటు, చారల చొక్కాలో ఉన్నాను, నేను కూడా ఆ కాలంవాడిలానే ఉంటానని మనసులో ఒక ఆశ. ఫొటోగ్రాఫరు నన్ను పైనుంచి కింద దాకా చూసి, బాగా ఆలోచించి, నా చేతికి ఒక వెండి రంగు అట్టముక్క ఇచ్చి, అమ్మాయి ముఖం మీద ఎండ పడేలా పట్టుకోమన్నాడు.

2023 అక్టోబరు ఆఖరులో ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ రోడ్డు దిగిపోయిందని పత్రికల్లో వచ్చినప్పుడు మాత్రం నాకు కాస్త వ్యక్తిగత ప్రాధాన్యం దక్కింది. ఆ నలుపు-పసుపు బండ్లని సినిమాల్లో చూసినవాళ్ళందరికీ ఒక్కసారిగా నేను గుర్తొచ్చాను. పాలబ్బాయి దగ్గర్నుంచి మా రీజనల్ ఆఫీసు దాకా అందరూ పరామర్శించారు. ఎదురు ఫ్లాటాయన లిఫ్టులో నా భుజం తట్టి, "పేపర్లో చూశానండీ, ధైర్యంగా ఉండండి" అన్నాడు. ఆ తరవాత "ఏ ఫ్లోరండీ?" అన్నాడు.

పోలీసులు ఆపితే నాకు భయం లేదు. వాళ్ళు ఆపేది కాగితాల కోసం కాదు. 1989కి ముందు రిజిస్టరైన బండి కాబట్టి నంబరు మూడక్షరాలతో మొదలవుతుంది. ఏపీ 16లూ 39లూ చూసి పెరిగిన కుర్ర కానిస్టేబులు ఒకతను దాన్ని చూసి, "ఏ స్టేట్ సార్?" అన్నాడు. గుడివాడ అన్నాను. అనుమానం తీరక ఎస్సైగార్ని పిలిచాడు. ఆయన వచ్చి, బండి చుట్టూ తిరిగి, కానిస్టేబులు చేత ఫొటో తీయించుకుని, "వింటేజ్ కారు కదా సార్, దానికి వేరే రిజిస్ట్రేషన్ వచ్చింది, చేయించుకోండి" అని సలహా ఇచ్చారు.

వింటేజ్! ఆ మాట నెత్తికెక్కి ఆ రాత్రి కూర్చుని రూల్సు చదివాను. 2021లో కేంద్రం తెచ్చింది. బండికి యాభై ఏళ్ళు నిండాలి. కొత్త రిజిస్ట్రేషనుకి ఇరవై వేలు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. పదేళ్ళు చెల్లుతుంది. అంతవరకూ గర్వంగా పైకే చదివాను. తరవాతి వాక్యం మెల్లిగా చదవబోతే మా ఆవిడ ఫోను లాక్కుంది. ఆ నంబరున్న బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలుకీ, రిపేరుకీ అయితే తీయొచ్చు.

"మీరు ఇప్పుడు తీసేది వీటికే కదా" అంది.

తరవాత వేళ్ళు మడిచి లెక్కేసింది. 1986, యాభై కలిపితే 2036. క్యాలెండరు వంక చూసింది. ఆవిడ ఏ తేదీ కోసమూ అంత ఆశగా చూడటం నేనెరగను, నా రిటైర్మెంటుతో సహా.

రిపేరు అంటే గుర్తొచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం, చుట్టుగుంట దగ్గర. సిగ్నల్లో నిలబడ్డ బండి నిలబడ్డట్టే ఆగిపోయింది. వేడికి పంపులో పెట్రోలు ఆవిరైపోతే ఇంజనుకి అందదు, అంతే. దానికి మందు తడిగుడ్డ. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి, కాసేపు ఆగితే చాలు. ఇది నాకు బాగా తెలుసు. కానీ చెప్పే అవకాశం ఎవరిచ్చారు? బానెట్ ఎత్తేలోపు నా చుట్టూ ఒక యూనివర్సిటీ వెలిసింది.

"కాయిల్ వేడెక్కింది, కాయిల్ మీద నీళ్ళు కొట్టండి."

"కాయిల్ కాదు, పాయింట్ కాలింది. గీకాలి."

"ప్లగ్గులు విప్పండి ముందు."

"ఏసీ పంపండీ. ఎండకి అంతే" అన్నాడు ఒక లారీ డ్రైవరు, తాపీగా. ఏసీ పంపంటే ఆ పెట్రోలు పంపే. ఆయన ఒక్కడే కరెక్టు.

కాలేజీ కుర్రాడు ఆశ్చర్యపోయాడు. "ఏసీ పోతే బండి ఆగిపోతుందా అంకుల్? అసలు దీంట్లో ఏసీ ఉందా?" లారీ ఆయన వాణ్ణి చూసిన చూపు నేను మర్చిపోలేను. ఈ తరం మీద ఆయనకున్న చివరి ఆశ అక్కడే ఆవిరైంది, మా పెట్రోలుతో పాటు.

బోండాల బండి అతను గోనె గుడ్డ తడిపిచ్చాడు. మా ఆవిడకి ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. ఆవిడ చెట్టు నీడలో కూర్చుని బోండాం తాగుతూ, టికెట్టు కొనుక్కున్నదానిలా చూస్తోంది. పంపు చల్లబడేదాకా ఆగుదామని నేనంటున్నా వినకుండా పదిమంది నెట్టడం మొదలెట్టారు. నెడుతూనే కబుర్లు. ఒకాయన మేనమామకి ఇదే బండట, ఇదే రంగట, ఇలాగే ఆగేదట. సిగ్నల్ రెండుసార్లు ఆకుపచ్చగా మారింది, ఎవరూ పట్టించుకోలేదు. ఎలాగో దగ్గి, పొగ కక్కి, ఇంజను అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి అందరికీ నమస్కారం పెట్టాను. ఆ ఊపులో "అందరూ బోండాలు తాగండి" అనేశాను.

ఆ సాయంత్రం మా ఆవిడ బోండాల లెక్క పెట్రోలు లెక్కలో కలిపి కొత్త మైలేజీ తేల్చింది. లీటరుకి రెండు.

ఇదంతా ఇలా సాగుతుండగా మొన్న స్టెప్నీ ఎత్తబోయి నడుం పట్టేసింది. నాలుగంగుళాల బెల్టు, వారం రోజులు డ్రైవింగ్ నిషేధం. ఆదివారం గవర్నరుపేటలో పనుంది, ఆటోలో వెళ్దామన్నాను. "నాకు రాదా?" అంది మా ఆవిడ. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంది గుడివాడలో, మామగారి పక్కన కూర్చుని, ఈ బండి మీదే. దుప్పటి తీసిన కొద్ది రోజుల్లో. ముందు సీటు స్ప్రింగు నా నడుముకి మంచిది కాదని నన్ను వెనక కూర్చోబెట్టి, తలుపు బయటి నుంచి వేసి, ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. చోక్ అర్ధంగుళం లాగింది, ఒక్క సెల్ఫుకి అందుకుంది. నాకు మూడు పడుతుంది.

ఇక ఆ ఆదరణ ఏం చెప్పను! నాకు బొటనవేలు చూపించినవాళ్ళు ఆవిడకి సెల్యూట్ కొట్టారు. కానిస్టేబులు అటు ట్రాఫిక్ ఆపి ఇటు వదిలాడు. స్కూటీల మీద అమ్మాయిలు కేకలు వేశారు. ఆవిడ కుడికి చెయ్యి చాపితే అది కుడికి తిరగడానికేనని ప్రతి ఒక్కరికీ అర్థమైంది. నన్నెవరూ చూడలేదు. చూసిన ఒక పాప మాత్రం వాళ్ళమ్మని అడిగింది, "ఆ తాతగారికి ఒంట్లో బాలేదా?"

బీసెంట్ రోడ్డు మలుపులో ఆవిడ బండి ఆపి, దిగి, తన వైపు అద్దం దించే ఉంచి, జాకెట్టు ముక్కల కొట్టు వైపు నడవబోయింది. జనం చుట్టూ మూగారు. నేను లోపల. నా వైపు తలుపు తీయాలని ఆవిడకి తట్టలేదు. తట్టినా తీయలేదో మరి, అడగలేదు నేను.

"ఎంతిస్తుంది మేడమ్?"

"తొమ్మిది" అంది ఆవిడ. అందరూ నవ్వారు. "ఎంత నిజాయతీ" అన్నారు ఎవరో.

పాత బండ్లు కొని అమ్మే బ్రోకరులా ఉన్నాడు, ఒకాయన ముందుకొచ్చి డిక్కీ తట్టి చూశాడు. "ఇచ్చే ఉద్దేశముందా మేడమ్?"

"కారొక్కటే ఇవ్వను" అంది. "తీసుకుంటే రెండూ కలిపి తీసుకోవాలి."

ఆయన వంగి, వెనక అద్దంలోంచి నన్నూ నా నడుం బెల్టునీ కాసేపు పరీక్షగా చూశాడు. "ఏ ఇయర్ మోడల్ మేడమ్?"

"అది ఎనభై ఆరు. ఇది అరవై ఆరు."

మైలేజీ విషయంలో అంత నిజాయతీపరురాలు నా విషయంలో మూడేళ్ళు కలిపేసింది. ఊరుకోలేకపోయాను. నడుం పట్టుకుని ముందు సీట్ల మధ్యలోకి వంగి, తెరిచున్న కిటికీలోంచి గట్టిగా అరిచాను. "అరవై తొమ్మిది!"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అరవై తొమ్మిది వేలు చాలా ఎక్కువ సార్. యాభై చేసుకోండి."